నిబ్బరం చేనికి దిష్టిచుక్క

"అంతా బాగానే ఉంది గానీ అమ్మడూ, నిజంగా ఉప్పు ముంచుకొచ్చిన రోజున దానికెవరు చెబుతారే?" అంది లాస్యమ్మ.

అప్పటికింకా ఏమీ జరగలేదు. ఉదయం ఏడయింది. గుమ్మం పక్కన ఉప్పుమీటరులో ఆకుపచ్చ దీపం నిలకడగా వెలుగుతోంది. ఇంటి కింద పోటునీరు స్తంభాలను మెల్లగా తడుతోంది. వకుళ నిలబడే దిబ్బరొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటోంది.

"దేనికమ్మా?"

"ఆ వరికేనే. దానికి కంగారు లేకుండా చేశామంటున్నారు కదా. కంగారే లేనిదానికి కొంప మునుగుతోందని తెలిసేదెలా?"

"ఊరుకో అమ్మా," అంది వకుళ. చెయ్యి కడుక్కుని మెట్లు దిగి పడవెక్కింది.

చేరాక ఒక్క మాట చెప్పమని లాస్యమ్మ పైనుంచి కేక వేసింది. పరిశోధన స్టేషన్ పది నిమిషాల దూరం. ఆ పది నిమిషాల్లో పడవ బ్యాటరీ ఆగిపోవచ్చు, నీళ్ళలో మునిగిన పాత కరెంటు స్తంభం అడుగున తగలవచ్చు, ఉన్నట్టుండి గాలి మారవచ్చు. వకుళ ఏనాడూ ఆ ఒక్క మాట చెప్పలేదు. కూతురు క్షేమంగా చేరిందని లాస్యమ్మకు తెలిసేది, గంట తర్వాత ఊడ్పుల ఆడవాళ్ళ పడవలో తానూ వెళ్ళి కళ్ళారా చూసుకున్నాకే.

అది 2091వ సంవత్సరం. సముద్రం కోనసీమ లంకల్లోకి వచ్చి కూర్చుని నలభై ఏళ్ళు దాటింది. ఇళ్ళు స్తంభాలెక్కాయి. తాగేనీరు కప్పుమీది వానతొట్లలోంచి వస్తోంది. పిల్లలు బడికి వెళ్ళేముందు ఉప్పుమీటరు చూసి ఆ రోజు రంగు పుస్తకంలో రాసుకుంటారు. పీతలు, రొయ్యలు, సముద్రపు ఆకుకూర, దేనికీ లోటు లేదు. లేనిదల్లా వరి. అది ఎప్పుడో మెట్టకు వెళ్ళిపోయింది. ఊరంతా మెట్ట బియ్యం తింటూ, ఒకప్పుడు తమ తాతలు మెట్టకు బియ్యం పంపేవారని చెప్పుకుంటూ ఉంటుంది. ఆ వరిని మళ్ళీ లంకల్లోకి తీసుకురావాలని వకుళ పదకొండేళ్ళుగా పని చేస్తోంది. ఈ ఏటి చేను నిలబడితే వచ్చే ఏడు నలభై లంకలకు విత్తనం వెళుతుంది.

లాస్యమ్మ ఏడో తరగతితో ఆగిపోయింది. నీళ్ళొచ్చిన ఏడాదే బడి మూతపడింది. అయినా కూతురి చదువేమిటో ఆమెకు బాగానే తెలుసు. వకుళ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు ఒకసారి రొయ్యలు వలుస్తూ అడిగి చెప్పించుకుంది.

మొక్కలో ప్రతి కణంలోనూ జన్యువులుంటాయి. ఏ పని చెయ్యాలో జన్యువు ఒక చీటీ రాసి పంపుతుంది. ఆ చీటీ పేరు ఆర్ఎన్ఏ. చీటీ చదువుకుని కణం ఆ పని చేస్తుంది. అయితే చీటీల్లో మరీ చిన్నవి కొన్ని ఉన్నాయి, ఇరవై ఒక్క అక్షరాలవి. అవి ఏ పనీ చెప్పవు. పెద్ద చీటీని పట్టుకుని, చదివేలోగా చింపించేస్తాయి. పుస్తకాల్లో వాటిని సూక్ష్మ నియంత్రక ఆర్ఎన్ఏలంటారు.

"అంటే ఊరుకో అనేవన్నమాట," అంది లాస్యమ్మ రొయ్య తల తుంచుతూ.

వకుళ ఆ మాట నవ్వుతాలుకు స్నేహితులకు చెప్పింది. వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. ఇప్పుడు స్టేషన్లో అందరూ వాటిని ఊరుకోలనే అంటారు. గోడమీది పటాల్లో కూడా అలాగే రాసి ఉంటుంది.

అవి ఎలా పుడతాయో విన్నప్పుడు మాత్రం లాస్యమ్మ మనసు చివుక్కుమంది. జన్యువు ఒక్కోసారి పొరపాటున తన నకలు తానే తీసుకుంటుంది. ఆ నకలు తలకిందులై అసలుకు ఎదురుగా అతుక్కుంటుంది. అప్పుడు రాసే చీటీ మధ్యకు మడతపడి జడపిన్నులాగా తనలో తాను కరుచుకుంటుంది. కణంలోని కత్తెర ఒకటి వచ్చి ఆ మడతలోంచి ఇరవై ఒక్క అక్షరాల ముక్క కోస్తుంది. ఆ ముక్క వెళ్ళి ముందుగా ఊరుకోమనేది ఎవరిని? తనను కన్న జన్యువునే.

కన్నతల్లి నోరే మూస్తుందా అని లాస్యమ్మ రెండు రోజులు బాధపడింది. పుట్టినవన్నీ నిలవవని వకుళ సముదాయించింది. చాలా వాటితో మొక్కకు పనుండదు, కాలం గడిచేకొద్దీ అక్షరాలు చెరిగి అవే పోతాయి. ఎప్పుడో ఒకటి పనికొస్తుంది. అది ఇక పోదు. గోడమీది నాచులోనూ కొబ్బరిచెట్టులోనూ ఒకే రకం ఊరుకోలు కొన్ని నలభై కోట్ల ఏళ్ళుగా అలాగే ఉన్నాయి. లాస్యమ్మ అదంతా విని, చెరిగిపోయిన వాటి గురించి ఇంకో రెండు రోజులు బాధపడింది.

ప్రకృతికి కోట్ల ఏళ్ళు పట్టే ఆ పుట్టుకల్ని వారాల్లోకి కుదించడమే వకుళ కనిపెట్టిన యంత్రం పని. దాని పేరు యుగడోల. ఊడ్పుల వాళ్ళకు అది ఊయల. నిలువెత్తు గాజు గది, లోపల కోటి నీటిచుక్కలు. ఒక్కో చుక్కలో ఒక్కో వరి కణం. యంత్రం ఆ కణాల్లో జన్యువులకు నకళ్ళు తీసి, తలకిందులు చేసి, అతికించి, కొత్త ఊరుకోలను పుట్టిస్తుంది. తర్వాత చుక్కలో ఉప్పు కలిపి చూస్తుంది. నచ్చినవాటిని ఉంచి మిగిలినవాటిని తీసేస్తుంది. ఏదీ పారెయ్యదు, అరల్లో పెట్టి అంకెలు వేస్తుంది. మొలకలయ్యేదాకా పెంచి చూడాల్సినవైతే తీసేసిన నారు తట్టల్లో వెనక వసారాలోకి వస్తుంది.

వరిని ఉప్పు చంపేలోపు దాని కంగారే చంపుతోందని వకుళ సిద్ధాంతం. ఉప్పు తగలగానే కంగారు జన్యువు చీటీల మీద చీటీలు రాస్తుంది. ఆకుల మీది కంటికి కనపడని తలుపులన్నీ మూసుకుంటాయి, ఆకు చుట్టుకుపోతుంది, పెరుగుదల ఆగుతుంది, గింజ పట్టే వెన్ను బయటికి రాదు. ఆ జన్యువును ఎప్పుడూ ఊరుకోమంటూ ఉండే ఊరుకో దొరికితే వరి నిమ్మళంగా ఎదుగుతుంది. ఆరు నెలల క్రితం యుగడోలలో అది దొరికింది. ఆ వరికి వకుళ నిబ్బరం అని పేరు పెట్టింది.

యుగడోలకు మాటలు వచ్చు. మనుషులు లేనప్పుడు లాస్యమ్మ దాంతో కబుర్లు చెబుతుంది, అదీ ఓపిగ్గా వింటుంది. ఆ రోజు పొద్దున కూతుర్ని అడిగిన ప్రశ్నే దాన్నీ అడిగింది.

"కంగారు సున్నా వచ్చినవాటినే ఉంచమని నాకు చెప్పారండి. మీరడిగేదాన్ని కొలిచే పద్ధతి నా దగ్గర లేదు," అంది యుగడోల.

"సున్నాయే ఎందుకంట? కాస్త ఉండకూడదా?"

"కారణం రాసి ఉందండి. వకుళగారిని అడగండి."

లాస్యమ్మ అడగలేదు. అడిగితే ఏం వస్తుందో ఆమెకు తెలుసు.

ఊడ్పులు పూర్తయ్యాయి. ఎకరం చేను, నీలిరంగు గట్లు, మట్టిలో ఉప్పు కొలిచే తీగలు. పదిహేను రోజులకు నిబ్బరం కుదుళ్ళు కుదుళ్ళుగా లేచింది. ముప్ఫై రోజులకు పడవల్లో జనం రావడం మొదలుపెట్టారు. ఒక్క పసుపు ఆకు లేదు, ఒక్క వంకర లేదు, ఒక కుదురు ఎక్కువా ఒకటి తక్కువా లేదు. స్టేషన్ పెద్ద భానోజీగారు వచ్చినవాళ్ళందరినీ గట్టు మీద నిలబెట్టి చూపిస్తున్నారు. చూసినవాళ్ళు ఎంత ముద్దుగా ఉందో అంటున్నారు, ఇలాంటి చేను పుట్టి ఎరగమంటున్నారు. ఒకామె బుగ్గలు నొక్కుకుంది.

అది చూసి లాస్యమ్మ మెటికలు విరిచింది. ఇంతమంది కళ్ళు పడితే చంటిబిడ్డయినా తట్టుకుంటుందా. అందుకే కదా తల్లులు బిడ్డకు స్నానం చేయించి, పౌడరు వేసి, చివరికి బుగ్గమీద ఇంత నల్లటి చుక్క పెట్టేది. అందంలో ఒక లోపం చూపిస్తే కళ్ళన్నీ దాని మీదే పడి బిడ్డ బతికిపోతుంది. చేనికి కాటుక ఎలా పెడతారు? ఆమె మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళాక వెనక వసారాలోకి వెళ్ళింది. తీసేసిన తట్టల్లో అన్నిటికన్నా అనాకారిగా ఉన్నదాన్ని వెతికింది. నూటపద్నాలుగో తట్ట. కాస్త ఉప్పు చూపిస్తే చాలు ఆకులు చుట్టుకుని పసుపు తిరిగే నారు. అందులోంచి పదకొండు కుదుళ్ళు తీసి, ఈశాన్యం మూల పదకొండు నిబ్బరం కుదుళ్ళు పీకి, వాటి స్థానంలో నాటింది. నాటుతూ, బిడ్డ కోసం చెప్పుకున్నట్టే దేవుడికి నాలుగు మాటలు చెప్పుకుంది. ఇంటికొచ్చి ఆ రోజు సుఖంగా కునుకు తీసింది.

పది రోజులకు వకుళ కనిపెట్టింది. తల్లి దాచలేదు. దిష్టి తగలకుండా పెట్టానంది.

"ఇది పరీక్ష చేనమ్మా. చంటిపిల్ల కాదు."

అంతే అని వకుళ కొలతల పుస్తకం తెరిచింది. అరిచినా బాగుండేదని లాస్యమ్మ అనుకుంది. వాటిని పీకేస్తే పక్క తీగల కొలతలు చెడతాయి కాబట్టి, పుప్పొడి కలవకుండా పదకొండు కుదుళ్ళకూ పల్చటి సంచులు తొడగాలని భానోజీగారు తీర్పు చెప్పారు. "ఆయ్, పోన్లెండి వకుళగారూ, పెద్దావిడ. చేను మొత్తానికీ పౌడరు రాయలేదు, సంతోషించండి," అన్నారు. వకుళ నవ్వలేదు.

ఆ రోజునుంచి ఆమె తల్లితో మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే తినేది, ప్లేటు కడిగేది, పడవెక్కేది. ఊరుకో అన్న మాట కూడా లేదు. చేరాక చెప్పమని లాస్యమ్మ రోజూ పైనుంచి కేక వేస్తూనే ఉంది. కిందనుంచి నీళ్ళ చప్పుడే వచ్చేది.

చేను పొట్టకొచ్చిన రోజున లాకు తలుపులు ఎత్తి సముద్రపు నీరు వదిలారు. ఆరు రోజులు ఉంచి, మళ్ళీ చప్పనీరు పెట్టాలి. అదే పరీక్ష.

మొదటిరోజు మధ్యాహ్నానికే దిష్టిచుక్క గోల మొదలుపెట్టింది. సంచుల్లోంచి చూస్తే ఆకులు చుట్టుకుపోయి, అంచులు పసుపెక్కి, ఎవరో కొట్టినట్టు వాలిపోయాయి. చూడ్డానికి వచ్చిన జనం దానికేసి వేలు చూపించి నవ్వారు. నిబ్బరం నిబ్బరంగా ఉంది. రెండో రోజూ ఉంది, మూడో రోజూ ఉంది. నాలుగో రోజున భానోజీగారు నలభై లంకలకూ మిఠాయి పంపే ఏర్పాట్లు మొదలుపెట్టారు. అంత పచ్చగా ఉండకూడదని లాస్యమ్మకు అనిపించింది గానీ, చెప్పడానికి ఎవరున్నారు?

ఐదో రోజు ఉదయం వకుళ పడవ దిగేసరికి చేనంతా పడుకుని ఉంది. ఆకులింకా పచ్చగానే ఉన్నాయి. కానీ ముట్టుకుంటే ఉడికించిన కూరలా చేతికి వచ్చేస్తున్నాయి. వెంటనే లాకు దించి చప్పనీరు పెట్టారు. రెండు రోజులు చూశారు. ఒక్క కుదురు కూడా లేవలేదు.

తర్వాత తేలింది ఇంతే. కంగారు జన్యువు ఏ చీటీ పంపినా చేరకముందే చిరిగిపోయింది. తలుపులు ముయ్యమని ఆకులకు ఎవరూ చెప్పలేదు. అవి బార్లా తెరుచుకుని, హాయిగా ఊపిరి తీస్తూ, వేళ్ళు అందించిన ఉప్పునీరంతా నాలుగు రోజులూ తాగుతూనే ఉన్నాయి. చచ్చిపోతున్నామన్న సంగతి చచ్చేదాకా వాటికి తెలియలేదు.

ఎనిమిదో రోజున వకుళ ఈశాన్యం మూలకు వెళ్ళి సంచి విప్పింది. లోపల పసుపు ఆకుల మధ్యనుంచి లేత ఆకు ఒకటి నిటారుగా లేచి ఉంది. పక్క సంచి విప్పింది. దానిలో వెన్ను సగం బయటికొచ్చి పూత పట్టింది. ఒక్కొక్కటీ విప్పి చూసింది. పదకొండూ బతికి ఉన్నాయి. ఆమె బురదలో అలాగే కూలబడింది. 

ఆ మధ్యాహ్నమే ఒక ఆకు ముక్క యుగడోలలో పెట్టింది. లాస్యమ్మ క్యారేజీ తీసుకుని వచ్చేసరికి యంత్రం చదివి చెబుతోంది. తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. వకుళ వెనక్కి చూడలేదు.

నూటపద్నాలుగో తట్టలో పుట్టిన ఊరుకో ఎక్కడినుంచో వచ్చింది కాదని యుగడోల చెప్పింది. కంగారు జన్యువు నకలే తలకిందులై అతుక్కుంది. అతుక్కున్నప్పుడు తల్లి జన్యువును పలికించే స్విచ్ కూడా దాంతోపాటే వచ్చింది. అందువల్ల తల్లి పలికితే తప్ప అది పలకదు. ఉప్పు తగలగానే తల్లి గోల పెడుతుంది. తలుపులన్నీ మూసుకుంటాయి. ఆ గోల వల్లే బిడ్డ కూడా మెల్లగా పోగవుతుంది. మూడో రోజుకు తగినంత అయ్యాక ఊరుకో అంటుంది. అప్పటికి చెప్పవలసినదంతా తల్లి చెప్పేసి ఉంటుంది, వేళ్ళు ఉప్పును వడకట్టడం మొదలుపెట్టి ఉంటాయి. ప్రమాదం తెలిసిన మొక్క నిమ్మళించి వెన్ను తీస్తుంది.

"మరి దీన్నెందుకు తీసేశావు?" అని అడిగింది వకుళ.

"మొదటి గంటలో కంగారు మార్కు తొంభై వచ్చిందండి. సున్నా కానివన్నీ తీసెయ్యమన్నారు. సున్నాయే ఎందుకని పదకొండేళ్ళ క్రితం మిమ్మల్ని అడిగాను. మీరు రాసిన జవాబు ఉంది. చదవమంటారా?"

వకుళ గాజు గోడ మీది బురదమరక తుడిచింది. వద్దని చెప్పలేదు కాబట్టి యంత్రం చదివింది.

"కంగారుపడేవాళ్ళ పక్కన పెరిగితే నీకే తెలుస్తుంది. ఒక్క అరుపు కూడా వద్దు."

గుమ్మంలో క్యారేజీ గిన్నె టక్కుమంది. వకుళ తిరిగి చూసింది. లాస్యమ్మ మొహంలో కోపం లేదు. నిజమే రాసింది కదా అన్నట్టుంది. క్యారేజీ బల్ల మీద పెట్టి, పులుసు వేడిగా ఉందని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

"తీసేసిన వాటిలో తల్లి స్విచ్ తెచ్చుకున్నవి ఇంకా మూడు వేల రెండు వందలు ఉన్నాయండి," అంది యుగడోల. "మళ్ళీ చూడమంటారా?"

"చూడు," అంది వకుళ.

స్టేషన్లో ఎవరూ ఎక్కువ రోజులు దిగులుపడలేదు. మిఠాయి ఒక ఏడు ఆలస్యమైందంతే అన్నారు భానోజీగారు. పదకొండు కుదుళ్ళూ పండి, గింజలు ఎనిమిది దోసిళ్ళయ్యాయి. కొత్త ఊరుకోకు పేరు నమోదు చెయ్యాల్సి వచ్చినప్పుడు వకుళ ఆలోచించకుండా దిష్టిచుక్క అని రాసింది. పై ఆఫీసువాళ్ళు ఇదేం పేరని అడిగితే, భానోజీగారు మూడు పేజీల శాస్త్రీయ వివరణ పంపారు.

ఆ ఎనిమిది దోసిళ్ళనూ విత్తడానికి సముద్రం ఒడ్డునే ఒక మడి ఎంచారు. వకుళ రెండు నెలలు అక్కడే ఉండాలి. పడవలో ఆరు గంటల ప్రయాణం.

బయలుదేరే ఉదయం ఉప్పుమీటరులో దీపం ఆకుపచ్చగానే ఉంది. లాస్యమ్మ దిబ్బరొట్టె కట్టి ఇచ్చింది. సంచులు పడవలోకి అందించింది. యుగడోల దగ్గర ఆ మాట విన్నప్పటినుంచి ఆమె కూతురికి ఏ జాగ్రత్తా చెప్పలేదు. పైనుంచి కేక కూడా వెయ్యడం లేదు. ఇవాళ కూడా మెట్ల మీద నిలబడి, పెదాలు బిగబట్టి, కొంగు వేలికి చుట్టుకుంటోంది.

వకుళ పడవెక్కి కూర్చుంది. బ్యాటరీ వేసింది. మళ్ళీ ఆపేసింది.

"ఏమీ చెప్పవా?"

లాస్యమ్మ తల అడ్డంగా ఊపింది.

"చెప్పమ్మా."

ముందు ఆమె వేలికి చుట్టిన కొంగు విప్పుకుంది. తర్వాత ఆగలేదు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు ఎత్తుగా ఉంటాయట, పడవ అంచున కూర్చోవద్దంది. అక్కడి వానతొట్లు ఎన్నాళ్ళకోసారి కడుగుతారో, నీళ్ళు కాచుకోమంది. పోయినసారి దగ్గు నెల రోజులుంది, తడి బట్టలతో ఉండొద్దంది. ఒడ్డున పాములున్నాయేమో, దీపం లేకుండా కాలు కింద పెట్టొద్దంది. గాలి మారితే విత్తనాల సంచి వదిలేసి ముందు నువ్వు బయటపడమంది. ఆ ఎనిమిది దోసిళ్ళూ ఎలకలు తినేస్తే ఎలాగ, సగం భానోజీగారి దగ్గర దాచాల్సింది కదా అంది. తను పోయాక ఇవన్నీ నీకెవరు చెబుతారే అంది. చివరికి చెప్పేందుకు ఏమీ మిగల్లేదు. మెట్టు మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

వకుళ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. వానతొట్టి మాట దగ్గర చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంది. ఎలకల మాట దగ్గర లేచి, ఒక సంచి మూతి విప్పి, సగం గింజలు వేరే గుడ్డలో కట్టి మెట్టు మీద పెట్టింది. ఆ తర్వాత కూర్చుని నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. పోటు తిరిగి, పడవ నెమ్మదిగా తాడు లాగడం మొదలుపెట్టింది. స్తంభం మీది నీటిగీత ఒక వేలు దిగింది. 

చాలాసేపటికి వకుళ తాడు విప్పుతూ తలెత్తింది.

"అన్నీ విన్నానమ్మా. చేరగానే చెబుతాను. ఇక ఊరుకో."